కోర్టు కొట్టేస్తుందని తెలిసీ పిటిషన్ ఎందుకు వేయాలి? చిలీ ఫైళ్లలో ఉన్న జవాబు

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. కోర్టులే పాలకుల మాట జవదాటని దేశంలో మానవ హక్కుల చట్టం పట్టుకుని పిటిషన్లు వేస్తే ఒరిగేదేముంది? వేసినందువల్ల ఎక్కడైనా ప్రభుత్వం మారిందా?

రెండోదానికి ముందు చెబుతాను. చట్టం ఒక్కదానివల్ల నియంత దిగిపోయిన దేశం లేదు. చిలీలో కూడా 1982 ఆర్థిక సంక్షోభం, 1983 మే 11న రాగి గని కార్మికుల సంఘం పిలుపుతో మొదలైన నిరసనలు, కొట్టుకునే పార్టీలు చివరికి ఒక్కతాటి మీదికి రావడం, ఇవి లేకపోతే సైనిక నియంత జనరల్ పినోచెట్ కదిలేవాడు కాదు. అయినా దిగిపోయిన పద్ధతి, ఆ తర్వాత జైలుకెళ్లినవాళ్లెవరు, తప్పించుకున్నవాళ్లెవరు అన్నవి మాత్రం పదిహేనేళ్లపాటు ఓడిపోతూ వచ్చిన పిటిషన్ల మీదా, ప్రభుత్వమే రాసుకున్న కాగితాల మీదా ఆధారపడ్డాయి. మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది కాబట్టి చిలీనే వివరంగా చూద్దాం.

1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం లాక్కుంది. ఆ నెలలోనే సైనిక మండలి ఒక డిక్రీ తెచ్చింది: దేశంలో ప్రకటించిన ముట్టడి స్థితిని (ఎమర్జెన్సీ లాంటిది) ‘యుద్ధకాలం’గా అర్థం చేసుకోవాలి. ఆ ఒక్క వాక్యంతో మామూలు పౌరులు సైనిక కోర్టుల కిందికి వెళ్లిపోయారు. యుద్ధకాలపు సైనిక కోర్టుల తీర్పుల్లో జోక్యం చేసుకునే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు తనంతట తానే చేతులెత్తేసింది. పార్లమెంటును మూసేశారు, పార్టీలను నిషేధించారు, ఓటర్ల జాబితాలు తగలబెట్టారు. సాధారణ కోర్టులను మాత్రం ముట్టుకోలేదు. తాము చట్టాన్ని కాపాడటానికే వచ్చామని లోకానికి చెప్పుకోవాలంటే కోర్టులు తెరిచి ఉండాలి మరి. హక్కుల లాయర్లకు దొరికిన సందు అదొక్కటే.

1973 అక్టోబరులో కాథలిక్, లూథరన్, మెథడిస్టు చర్చిలు, యూదు సమాజం కలిసి ఒక శాంతి కమిటీ పెట్టాయి. 1975 చివర్లో పినోచెట్ ఒత్తిడితో దాన్ని మూసేయాల్సి వచ్చింది. వెంటనే, 1976 జనవరి 1 నుంచి, కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రీకెజ్ అదే పనిని తన ఆర్చిడయాసిస్ (ఆర్చిబిషప్ పరిధిలోని చర్చి పాలన) లోపలి విభాగంగా మార్చేశారు. పేరు వికారియా దె లా సొలిదారిదాద్. ఆఫీసు శాంటియాగో నడిబొడ్డున, కథీడ్రల్ పక్కనే. ఈ మార్పులో పెద్ద తెలివి ఉంది. వేర్వేరు చర్చిలు కలిసి పెట్టుకున్న కమిటీని రద్దు చేయమని ఒత్తిడి తేవచ్చు. కాథలిక్ చర్చి లోపలి విభాగాన్ని రద్దు చేయాలంటే వాటికన్‌తోనే తగవు పెట్టుకోవాలి. అణచివేత కింద పనిచేసే సంస్థకు ముందు కావలసింది ఇలాంటి చట్టపరమైన నీడ. రిజిస్ట్రేషన్ రద్దయితే, బ్యాంకు ఖాతా స్తంభిస్తే ఫైళ్లు ఎవరి కస్టడీలో ఉంటాయి, లాయర్లకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ సంగతి తేలకముందే కేసుల మీద పడ్డ సంస్థలు మొదటి సోదాతోనే మూతపడతాయి.

ఇక పిటిషన్ల సంగతి. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే మన హెబియస్ కార్పస్‌కు చిలీలో ‘అంపారో’ అని పేరు. కాగితం మీద అద్భుతమైన హక్కు. వకాలత్ అక్కర్లేదు, బంధువే కానక్కర్లేదు, ఎవరైనా వేయొచ్చు, టెలిగ్రాం ద్వారా కూడా వేయొచ్చు. అప్పీలు కోర్టు 24 గంటల్లో తేల్చాలి. జడ్జిని నేరుగా నిర్బంధ స్థలానికి పంపే అధికారం, మనిషిని తన ముందు నిలబెట్టమని ఆదేశించే అధికారం కోర్టుకు ఉన్నాయి. ఆచరణలో జరిగింది వేరు. కోర్టు హోం శాఖకు ఒక లేఖ రాసేది. కొన్నాళ్లకు, ఒక్కోసారి వారాలకు, జవాబు వచ్చేది: ఈ మంత్రిత్వ శాఖ ఉత్తర్వుపై ఆ వ్యక్తి నిర్బంధంలో లేడు. ఆ జవాబును ఫైలులో పెట్టి పిటిషన్ కొట్టేసేవారు. రహస్య పోలీసు విభాగం దీనా నిర్బంధ కేంద్రాలకు జడ్జీలు వెళ్లిందే లేదనవచ్చు. 1973 నుంచి 1983 వరకు సుమారు 5,400 అంపారోలు పడితే మంజూరైనవి పది.

ఆ అంకె చూపించి ‘వృథా’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అదే పిటిషన్ ఫైలులో ఏమేం మిగిలిందో విడివిడిగా చూడండి. కుటుంబం చెప్పిన తేదీ, స్థలం, తీసుకెళ్లినవాళ్ల వర్ణన, కోర్టు ముద్రతో నమోదయ్యాయి. ప్రభుత్వం ‘మా దగ్గర లేడు’ అని సంతకంతో రాసిచ్చింది. ఆ తేదీ నాటికి అతను చనిపోయాడని ఎవరూ అనలేదు. ఈ మూడింటి విలువ ఏళ్ల తర్వాత తెలిసింది.

మొదటి రుజువు 1975 జులైలోనే దొరికింది. అర్జెంటీనాలో లేయా, బ్రెజిల్‌లో ఓ దియా అనే రెండు పత్రికల్లో 119 మంది చిలీ దేశస్తుల పేర్లు వచ్చాయి. వాళ్లంతా విదేశాల్లో ఉన్న తీవ్రవాదులనీ, తమలో తాము కొట్టుకుని చచ్చారనీ ఆ వార్తల సారాంశం. చిలీ పత్రికలు వాటిని పతాక శీర్షికలు చేశాయి. శాంతి కమిటీ లాయర్లు ఆ పేర్లను తమ అంపారో ఫైళ్లతో పోల్చి చూశారు. వాళ్లను చిలీలోనే, ఇళ్ల నుంచీ వీధుల నుంచీ పట్టుకుపోయారని అప్పటికే ప్రమాణపత్రాలు కోర్టుల్లో పడి ఉన్నాయి. చచ్చిపోయారన్న కట్టుకథ పుట్టకముందే నిర్బంధం తేదీ కోర్టు రికార్డుకెక్కింది. పిటిషన్ ఓడిపోయింది సరే, ఆ కట్టుకథ కూడా నిలబడలేదు.

మంజూరైన అరుదైన వాటిలో ఒక కేసు దగ్గరగా చూడదగ్గది. 1976 నవంబరు 3న శాంటియాగోలోని నతనియెల్ వీధిలో కార్లోస్ కొంత్రేరాస్ మలూహె అనే కమ్యూనిస్టు, వెంటాడుతున్నవాళ్ల నుంచి తప్పించుకునే దారి లేక, బస్సు కిందకి దూకాడు. గాయాలతో పడి ఉండి తన పేరు, కొన్సెప్సియోన్ నగరంలో తన కుటుంబం నడిపే మందుల దుకాణం పేరు గట్టిగా అరిచి చెప్పాడు. యూనిఫాం పోలీసులు వచ్చారు. ఈలోగా కారులో వచ్చిన మఫ్టీ మనుషులు అతన్ని లాక్కుపోయారు. కారు నంబరు మాత్రం నమోదైంది. ఆ నంబరు వాయుసేన దాకా తీసుకెళ్లింది. 1977 జనవరిలో అప్పీలు కోర్టు అంపారో మంజూరు చేసి, విడుదల చేయమని ఆదేశించింది. మా దగ్గర లేనివాణ్ని ఎలా విడుదల చేస్తామని ప్రభుత్వం జవాబిచ్చింది. మనిషి తిరిగి రాలేదు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కోర్టును కదిలించింది హక్కుల గురించిన వాదన కన్నా ముందు ఒక పేరు, ఒక దుకాణం, ఒక బండి నంబరు. సాక్ష్యం అంత ముక్కుసూటిగా ఉన్నప్పుడు భయపడే జడ్జికి కూడా కొట్టేయడం కష్టమవుతుంది.

అందుకే వివరాలు రాసుకునే పద్ధతి మీద కాస్త ఆగాలి. ఎవరైనా మాయమైనప్పుడు కుటుంబం చెప్పేది మొదట కలగాపులగంగా ఉంటుంది. రాసుకునేవాళ్లు మూడు రకాల సంగతులను వేరు చేయాలి: చెప్పేవాళ్లు కళ్లతో చూసినది, ఇంకొకరు చెబితే విన్నది, ఊహించుకున్నది. ‘పోలీసులు తీసుకెళ్లారు’ అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ఎంతమంది, యూనిఫామా మఫ్టీనా, ఏ బండి, రంగు, నంబరులో గుర్తున్న అంకెలు, ఏ పేరుతో పిలుచుకున్నారు, ఏ దారిన వెళ్లారు, ఆ సమయానికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయా అన్నవి కావాలి. ఒంటి మీది బట్టలు, పళ్ల కట్టు, పాత ఎముక విరుగుళ్లు కూడా ఆ రోజే రాయాలి. అడగడానికి నోరు రాదు, కానీ పదేళ్ల తర్వాత ఎముకలు బయటపడితే గుర్తుపట్టేది వాటితోనే. ఒకే మనిషి నుంచి రెండుసార్లు, కొన్ని రోజుల తేడాతో, మొదటి కాగితం చూపించకుండా వాంగ్మూలం తీసుకుంటే తేడాలు బయటపడతాయి. ఆ తేడాలను సరిదిద్దవద్దు. రెండూ అలాగే ఉంచి పక్కన తేదీ వేయాలి. దిద్దిన వాంగ్మూలాన్ని ఎదుటి లాయరు ఒక్క ప్రశ్నతో కూల్చేస్తాడు.

పేర్ల దగ్గర ఎక్కువ దెబ్బ తగులుతుంది. 1975లో ఐక్యరాజ్యసమితిలో చిలీ ప్రతినిధి, గల్లంతైనవారిగా చెబుతున్న పేర్లలో 153 మందికి ‘చట్టపరమైన ఉనికే లేదు’ అని ప్రకటించాడు. అంటే వాళ్లు అసలు పుట్టనేలేదన్నమాట. దీనికి ఉపన్యాసంతో జవాబు ఇవ్వలేం. జనన ధ్రువపత్రం, బడి రికార్డు, పెళ్లి సర్టిఫికెట్ చూపాలి. మన దగ్గర ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు చివర, రేషన్ కార్డులో ముందు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం పొట్టి రూపం, ఊళ్లో పిలిచే పేరు వేరే. అన్ని రూపాలూ పిటిషన్‌లోనే ‘అనే’ అని కలిపి రాయకపోతే, ఆ పేరుగలవాడు తమ రికార్డులో లేడన్న జవాబు నిజాయతీగానే వచ్చినట్టు కనిపిస్తుంది.

జాబితాల్లో సంఖ్య పెంచడం, ఖరారు కాని పేరు చేర్చడం చాలా ప్రమాదం. వెయ్యి నిజమైన పేర్లలో ఒక్కడు వేరే ఊళ్లో బతికి ఉన్నాడని తేలితే, ప్రభుత్వం టీవీలో చూపించేది ఆ ఒక్కడినే. కాబట్టి ప్రతి పేరుకూ కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు ఉండాలి. అలా లేనివి వేరే దస్త్రంలో ఉంచాలి.

సాక్షుల పేర్లు పిటిషన్‌లో పెట్టాలా వద్దా అన్నది ఇంకా కష్టమైన నిర్ణయం. పెడితే బరువు వస్తుంది, వాళ్ల ఇంటికి జీపు వస్తుంది. సాధారణంగా బంధువుల పేర్లు పెడతారు, ఎందుకంటే అవి ఎలాగూ తెలుసు. ఇరుగుపొరుగు, సహఖైదీల వాంగ్మూలాలు సీలు వేసి వేరేచోట దాస్తారు. దాచడం కూడా మాటలు కాదు. 1985 మార్చిలో వికారియా విశ్లేషణ విభాగం అధిపతి హోసె మాన్వెల్ పరాదాను, మరో ఇద్దరు కమ్యూనిస్టులతోపాటు గొంతు కోసి చంపేశారు. జడ్జి హోసె కానొవాస్ దర్యాప్తు పోలీసు దళం కరబినేరోస్ వైపు వేలు చూపడంతో, ఆగస్టులో ఆ దళం అధిపతి, సైనిక మండలి సభ్యుడైన మెండోజా రాజీనామా చేయాల్సి వచ్చింది. 1986 నుంచి ఒక సైనిక ప్రాసిక్యూటర్ వికారియా వైద్య రికార్డుల కోసం వెంటపడ్డాడు. ఒక డాక్టరును, ఒక లాయరును జైల్లో పెట్టారు. వికారియా నడిపే బిషప్ సెర్హియో వలేచ్ ఆ కార్డులు ఇవ్వనని నిలబడ్డారు. నేర్చుకోవలసింది సూటిగా ఉంది: వైద్య రికార్డు ఒకచోట, పేర్ల సూచిక ఇంకోచోట, రెండిటినీ కలిపే నంబర్ల పుస్తకం మూడోచోట ఉండాలి. ఒకచోట సోదా జరిగితే దొరికిన కాగితాలతో ఎవరినీ గుర్తుపట్టలేకపోవాలి.

చనిపోయినవాళ్లు దొరికినప్పుడు ఏం చేయాలో లొన్కెన్ చూపించింది. 1978 నవంబరులో, శాంటియాగోకు దగ్గర్లోని లొన్కెన్‌లో, వాడకంలో లేని సున్నపు బట్టీల్లో శవాలున్నాయని వికారియాకు కబురందింది. తొందరపడి పత్రికలకు చెప్పి ఉంటే తెల్లారేసరికి బట్టీలు ఖాళీ అయ్యేవి. ఒంటరిగా కోర్టుకు పోయినా అదే జరిగేది. ఒక బిషప్, పేరున్న లాయర్లు, పత్రికా సంపాదకులు కలిసిన బృందం స్వయంగా వెళ్లి చూసింది. తెల్లారి, డిసెంబరు 1న, నేరుగా సుప్రీంకోర్టు అధ్యక్షుడికి ఫిర్యాదు ఇచ్చింది. సాక్షులు అంతటివాళ్లు కావడంతో కాదనడానికి వీల్లేకపోయింది. ప్రత్యేక జడ్జిగా అదొల్ఫో బన్యాదోస్‌ను నియమించారు. దొరికిన అవశేషాలు 15 మందివి. 1973 అక్టోబరు 7న ఇస్లా దె మైపోలో కరబినేరోస్ పట్టుకుపోయిన మనుషులవి. ఎదురుకాల్పుల్లో చనిపోయారన్న పోలీసుల కథను జడ్జి నమ్మలేదు. కానీ నిందితులు పోలీసులు కాబట్టి కేసు సైనిక కోర్టుకు పోయింది. అక్కడ క్షమాభిక్ష చట్టం కింద మూసేశారు. అవశేషాలను కూడా కుటుంబాలకు ఇవ్వకుండా ఉమ్మడి గోతిలో వేసేశారు.

కేసు పోయింది. అయినా ‘గల్లంతైనవాళ్లు విదేశాల్లో ఉన్నారు’ అనే మాట ఆ తర్వాత చిలీలో ఎవరూ నమ్మకంగా అనలేకపోయారు. ఇంకో సంగతి: 1976 సెప్టెంబరు 21న వాషింగ్టన్‌లో మాజీ మంత్రి ఒర్లాందో లెతెలియెర్‌ను కారు బాంబుతో చంపిన కేసులో, 1993లో దీనా అధిపతి మాన్వెల్ కొంత్రేరాస్‌కు శిక్ష వేసింది ఇదే బన్యాదోస్.

ఆ క్షమాభిక్ష చట్టం 1978 ఏప్రిల్‌లో వచ్చిన డిక్రీ 2191. 1973 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 10 వరకు జరిగిన నేరాలకు వర్తిస్తుంది. అమెరికా ఒత్తిడివల్ల లెతెలియెర్ కేసును మినహాయించారు. ఇది తనకు శాశ్వత కవచమని పాలన అనుకుంది. దాన్ని ఛేదించిన వాదన పాత అంపారో ఫైళ్ల నుంచే పుట్టింది. మనిషిని ఎత్తుకెళ్లారని రుజువైంది. చనిపోయాడని రుజువు లేదు, శవం లేదు, మరణ ధ్రువపత్రం లేదు, పైగా ప్రభుత్వమే ‘మా దగ్గర లేడు’ అంది. అలాంటప్పుడు అది ఇంకా కొనసాగుతున్న అపహరణ. 1978 మార్చి 10తో ఆగిపోలేదు కాబట్టి క్షమాభిక్ష వర్తించదు. శవాన్ని మాయం చేస్తే నేరమే మాయమవుతుందనుకున్నవాళ్లకు ఆ మాయం చేయడమే ఉరి అయింది.

ఈ దారి ఒక్కరోజులో తెరుచుకోలేదు. 1986లో జడ్జి కార్లోస్ సెర్దా 1976 నాటి కమ్యూనిస్టు నాయకుల అదృశ్యంలో 40 మందిపై అభియోగాలు మోపాడు. క్షమాభిక్ష ఇచ్చి మూసేయమని సుప్రీంకోర్టు ఆదేశిస్తే, అది చట్టవిరుద్ధమని రాసి ఒప్పుకోలేదు. రెండు నెలలు సగం జీతంతో సస్పెండ్ చేశారు. 1999 జులైలో సుప్రీంకోర్టే, 1973 అక్టోబరులో ఊరూరా తిరిగి ఖైదీలను చంపిన సైనిక బృందం ‘మృత్యు యాత్ర’ కేసులో, కొనసాగే అపహరణ వాదనను ఒప్పుకుంది. 2004 నవంబరులో మిగేల్ ఆంహెల్ సాందొవాల్ అనే దర్జీ అదృశ్యం కేసులో దీనా అధిపతి కొంత్రేరాస్ శిక్ష ఖరారైంది. 2006లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు, అల్మొనాసిద్ కేసులో, మానవత్వంపై నేరాలకు ఆ క్షమాభిక్ష చెల్లదంది. మొదటి పిటిషన్ నుంచి ఇంతవరకు ముప్పై ఏళ్లు. చాలామంది తల్లులు ఈలోగా చనిపోయారు. పినోచెట్ కూడా 2006 డిసెంబరులో ఏ శిక్షా పడకుండానే పోయాడు. ఈ ఆలస్యాన్ని తక్కువ చేసి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కేరళ రాజన్ కేసు మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, జస్టిస్ ఖన్నా ఒక్కరే ఒకవైపుగా, హెబియస్ కార్పస్ దారినే మూసేసింది. 1977 మార్చిలో ఎమర్జెన్సీ తొలగగానే, పోలీసులు పట్టుకెళ్లాక మాయమైన కాలికట్ ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్ తండ్రి కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం అఫిడవిట్లు వేసింది. కోర్టు నమ్మలేదు. అప్పటికి నెల రోజుల ముఖ్యమంత్రి అయిన, ఎమర్జెన్సీ నాటి హోంమంత్రి కరుణాకరన్ ఏప్రిల్ 25న రాజీనామా చేశారు. సంతకం చేసిన ఖండనకు ఉన్న శక్తి అది. అదే ఏడాది జస్టిస్ తార్కుండే నాయకత్వంలోని పౌర హక్కుల కమిటీ గిరాయిపల్లి వంటి చోట్ల జరిగిన ‘ఎన్‌కౌంటర్ల’ మీద ఊళ్లవాళ్ల మాటలు సేకరించి నివేదికలివ్వగలిగింది కూడా, ఎవరిని ఏ రోజు ఎక్కడ పట్టుకున్నారో గుర్తుపెట్టుకున్నవాళ్లు ఉండబట్టే. 44వ సవరణతో 20, 21 అధికరణాల హక్కులను ఎమర్జెన్సీలో కూడా సస్పెండ్ చేయకూడదన్నది ఆ అనుభవం మిగిల్చిన రక్షణ.

ఇప్పుడు ప్రభుత్వం మారిన సంగతి. పినోచెట్ 1980లో ఒక రాజ్యాంగం రాయించి, ఓటర్ల జాబితాలే లేని ప్రజాభిప్రాయ సేకరణతో దాన్ని ఆమోదింపజేసుకున్నాడు. అందులో ఎనిమిదేళ్ల తర్వాత సైనిక మండలి ఒకే అభ్యర్థిని నిలబెట్టి ‘ఔను’, ‘కాదు’ అడగాలని ఉంది. మరో ఎనిమిదేళ్లకు ముద్ర వేయించుకోవడానికి పెట్టుకున్న నిబంధన అది. ఆ రాజ్యాంగమే ఏర్పాటు చేసిన ట్రిబ్యునల్, 1985 సెప్టెంబరు 24న, ఆ ఓటింగును కూడా స్వతంత్ర ఎన్నికల కోర్టే పర్యవేక్షించాలని తీర్పిచ్చింది. జడ్జి యుహెనియో వలెన్సువేలా వాదన చాలా సాదాసీదాది: మీ రాజ్యాంగంలో మీరే ఎన్నికల కోర్టును పెట్టారు, ప్రజాభిప్రాయ సేకరణను అది చూడాలనీ మీరే రాశారు, కాబట్టి అది లేకుండా ఓటింగ్ చెల్లదు. దాని వెంట ఓటర్ల జాబితా చట్టం, పార్టీల చట్టం, రోజూ టీవీలో రెండు పక్షాలకూ పదిహేనేసి నిమిషాలు వచ్చాయి.

ప్రతిపక్షంలో చాలామంది దీన్ని బహిష్కరించాలన్నారు. పాల్గొంటే 1980 రాజ్యాంగాన్ని ఒప్పుకున్నట్టేనని వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది. కానీ పార్టీగా రిజిస్టర్ కాకపోతే పోలింగ్ బల్లల దగ్గర ఏజెంట్లను కూర్చోబెట్టే హక్కు ఉండదు. ఏజెంటు లేకపోతే ఆ బల్ల లెక్క కాగితం నకలు రాదు. నకలు లేకపోతే ప్రభుత్వం చెప్పిన అంకెకు ఎదురు అంకె లేదు. అందుకే 1987 చివర్లో, కేవలం ఏజెంట్లను పెట్టుకోవడానికే, ఒక కొత్త పార్టీని పెట్టి, తర్వాత చట్టం ప్రకారం రిజిస్టర్ చేశారు. 74 లక్షలకు పైగా ఓటర్లు పేర్లు నమోదు చేసుకున్నారు. 1988 అక్టోబరు 5 రాత్రి హోం శాఖ మొదట ‘ఔను’ ముందున్నట్టు అంకెలు చెప్పి, తర్వాత మౌనం పట్టింది. ‘కాదు’ శిబిరం తన ఏజెంట్లు పంపిన నకళ్లతో సమాంతర లెక్క సిద్ధం చేసుకుంది. అర్ధరాత్రి దాటాక అధ్యక్ష భవనంలోకి వెళుతూ వాయుసేనాధిపతి మథేయ్ విలేకరులతో ‘కాదు’ గెలిచినట్టు తనకు స్పష్టంగా తెలుస్తోందని చెప్పేశాడు. ప్రత్యేకాధికారాలు కావాలన్న పినోచెట్‌కు మండలిలోని మిగతా సేనాధిపతులు ఒప్పుకోలేదు. చెల్లిన ఓట్లలో దాదాపు 56 శాతం ‘కాదు’ అన్నాయి. 1990 మార్చి 11న ఎన్నికైన అధ్యక్షుడు ఐల్విన్ బాధ్యత తీసుకున్నాడు. పినోచెట్ మాత్రం 1998 దాకా సైన్యాధిపతిగా ఉన్నాడు. ఈ దారిలో గెలిచినందుకు కట్టిన మూల్యం అది.

అంతర్జాతీయ ఒప్పందాల విషయంలోనూ పాలనే తన సంతకంతో చిక్కుకుంది. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని చిలీ 1972లోనే ధ్రువీకరించింది. పినోచెట్ ప్రభుత్వం దాన్ని గెజెట్‌లో 1989 ఏప్రిల్ దాకా ప్రచురించలేదు, ప్రచురించనిది దేశంలో అమల్లో లేదని కోర్టుల్లో వాదించింది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందాన్ని మాత్రం 1988లో, పేరు కాపాడుకోవడానికి, ధ్రువీకరించింది. 1998 అక్టోబరు 16న లండన్‌లో పినోచెట్‌ను అరెస్టు చేశాక, 1999 మార్చి 24న హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జీలు ఆ సంతకం మీదే నిలబడి, చిత్రహింసల విషయంలో మాజీ దేశాధినేతకు రక్షణ లేదన్నారు. కానీ 1988 డిసెంబరు 8 తర్వాతి చర్యలకే పరిమితం చేశారు, దాంతో అభియోగాల్లో చాలావరకు రాలిపోయాయి. 2000 మార్చిలో అనారోగ్యం కారణంగా వదిలేశారు. తేదీలు ఎంత నిర్దయగా పనిచేస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ ఒప్పందాన్ని ఏ రోజు సంతకం చేశారు, ఏ రోజు ధ్రువీకరించారు, ఏ రోజు అమల్లోకి వచ్చింది అన్న మూడు తేదీలు ఒక పట్టికగా దగ్గర పెట్టుకోకుండా వాదన మొదలెట్టకూడదు.

ఇక మన దేశం సంగతి. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో భారత్ 1979లో చేరింది. వ్యక్తులు జెనీవా కమిటీకి నేరుగా ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. చిత్రహింసల ఒప్పందంపై 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. అందువల్ల ఆ రెండు తలుపుల దగ్గర సమయం వృథా చేయవద్దు. చిలీ అనుభవం తర్వాత 1980లో పుట్టిన, బలవంతపు అదృశ్యాలపై ఐరాస కార్యవర్గం మాత్రం ఏ ఒప్పందంతోనూ పనిలేకుండా అన్ని దేశాల కేసులూ తీసుకుంటుంది. దేశంలోని కోర్టులన్నీ తిరిగాకే రావాలన్న షరతు లేదు. అదృశ్యమై మూడు నెలలు దాటకపోతే అత్యవసర పద్ధతిలో ప్రభుత్వానికి రాస్తుంది. పూర్తి పేరు, తేదీ, చివరిసారి కనిపించిన స్థలం, తీసుకెళ్లినవాళ్లెవరని అనుకుంటున్నారు, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఫిర్యాదు చేశారు అన్నవి తప్పనిసరి. సంస్థ పంపితే కుటుంబం సమ్మతి కావాలి. రాజకీయ తిట్లతో నింపిన ఫిర్యాదును పక్కన పెట్టేస్తారు.

హైకోర్టులో హెబియస్ కార్పస్‌కు క్రమం ఇది. మనిషిని తీసుకెళ్లిన గంటల్లోనే ఎస్పీకి లేదా కమిషనర్‌కు, కలెక్టరుకు, జిల్లా జడ్జికి ఈమెయిల్ పంపండి, కాగితం కూడా పోస్టులో పంపి రశీదు దాచండి. ఒకప్పుడు ఈ పనికి టెలిగ్రాం వాడేవారు, ఆ సేవ 2013లో పోయింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది 22వ అధికరణం. ఆ గడువు మొదలైన సమయానికి రుజువు మీ మొదటి ఈమెయిలే. కోర్టు సెలవులైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర అత్యవసర విచారణ), పనిదినమైతే లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసర విచారణ) అడగండి. ప్రతివాదుల్లో స్టేషన్ అధికారి ఒక్కణ్నే పెడితే ‘మా స్టేషన్‌లో లేడు’ అని తప్పుకుంటాడు. హోం శాఖ ముఖ్య కార్యదర్శి, డీజీపీ, ఎస్పీ, స్టేషన్ అధికారి నలుగురినీ చేర్చి, తమ అధీనంలోని ఏ సిబ్బంది దగ్గరా లేడని వ్యక్తిగతంగా విచారించి చెప్పాలంటూ అఫిడవిట్ కోరండి. ప్రభుత్వ న్యాయవాది నోటిమాటతో పిటిషన్ ముగించనీయకండి. ఎంత చిన్నదైనా సంతకంతో కూడిన కౌంటర్ అఫిడవిట్ రికార్డుకెక్కాలి.

సీసీటీవీ దృశ్యాలు చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే వాటంతటవే చెరిగిపోతాయి, కాబట్టి వాటిని భద్రపరచమని మొదటి రోజే మధ్యంతర ప్రార్థనలో అడగాలి. మీ దగ్గరున్న ఫోన్ వీడియోను వాట్సాప్‌లో పంపుకుంటే అది కుదించుకుపోయి, తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫోన్‌ను అలాగే ఉంచి, ఫైలును కేబుల్‌తో కాపీ చేసి, హాష్ విలువ (ఫైలులో ఏ మార్పు జరిగినా మారిపోయే, దాని డిజిటల్ వేలిముద్ర) లెక్కించి రాసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ హాష్ విలువ నింపాల్సిన గడి ఉంది. పిటిషన్ కొట్టేస్తే ఉత్తర్వు, కౌంటర్ అఫిడవిట్ రెండింటి ధ్రువీకృత నకళ్లకు ఆ వారంలోనే కాపీ అప్లికేషన్ పెట్టండి. ఒక సెట్ ఆ కుటుంబం దగ్గర, ఒకటి లాయరు దగ్గర, ఒకటి రాష్ట్రం బయట ఉండాలి.